తువ్వాల కింద కుదిరిన పెన్షన్

1955. ఆదోని బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూలు జిల్లాలో చేరి రెండేళ్లు కావస్తున్న రోజులు. ఊళ్లోని ఒక నూలు మిల్లులో నాకు లేబర్ వెల్ఫేర్ ఆఫీసరు ఉద్యోగం దొరికింది. పెద్ద ఫ్యాక్టరీల్లో కార్మికుల బాగోగులు చూడటానికి ఇలాంటి ఆఫీసరు ఒకరుండాలని చట్టం చెబుతుంది. మిల్లులో ఆడవాళ్లు ఎక్కువ గనుక చదువుకున్న ఆడమనిషి అయితే మేలని యజమాని విరూపాక్షప్పగారు అనుకున్నారు. అలా బి.ఎ. చదివి ఇంట్లో కూచున్న నన్ను పిలిపించారు. మా పాపకు అప్పుడు ఎనిమిదో నెల. అత్తగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. మిల్లులో ఉన్నంతసేపూ నా ఒక చెవి ఇంటివైపే ఉండేది. వాకిట్లో ఎవరు గబగబా నడిచి వస్తున్నా, పాపకు జ్వరమని కబురు తెస్తున్నారేమో అనిపించేది.

నేను ఎక్కువగా తిరిగింది రీలింగ్ విభాగంలో. రీలింగ్ అంటే స్పిన్నింగ్ మెషిన్ల మీద తయారైన నూలును బాబిన్ల నుంచి లాగి చిలపలుగా చుట్టడం. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లు కొనేది చిలపలే. రీలు తిరుగుతుండగా ఎక్కడో ఒక పోగు తెగుతుంది. తెగిన క్షణంలోనే చూసి, రీలు ఆపి, కొస వెతికి ముడి వేయాలి. ఆ ఒక్క ముడి తప్పిందంటే ఎమ్మిగనూరులో నేతగాని ఇంట్లో చిలప విప్పే ఆడమనిషి కొస దొరకక పొద్దంతా తంటాలు పడుతుంది. ఆ పని మొత్తం ఆడవాళ్లదే. వాళ్లకు పెద్దదిక్కు తిప్పమ్మ.

తిప్పమ్మది కోసిగి. కరువుకు ఊరు విడిచి వచ్చి, విరూపాక్షప్పగారి తండ్రి మిల్లు పెట్టిన కొత్తలోనే రీలు ముందర నిలబడిందట. భర్త పోయాడు, పిల్లలు లేరు. మిల్లు వెనక సందులో ఒక గది బాడుగకు తీసుకుని ఉండేది. నేను చేరేనాటికి ఆమె కళ్లకు పొర వచ్చింది. తెల్లని నూలు మీద తెల్లని పోగు తెగితే కనపడటం లేదు. ఆ సంగతి దాచుకునే మనిషి కాదు. మేనేజరుకు తనే చెప్పింది. ఆయన ఒక చీర, ఒక టెంకాయ, ఒక నెల జీతం పైన ఇచ్చి, ఆమె ఇత్తడి బిళ్ళ వెనక్కి తీసుకుని పంపేశారు. ఇత్తడి బిళ్ళ అంటే మిల్లు కార్మికుడి నంబరు చెక్కిన ముక్క. అది చూపిస్తేనే బట్వాడా రోజున, అంటే జీతాలు పంచే రోజున, కిటికీలో నుంచి జీతం వస్తుంది. అప్పట్లో అన్ని మిల్లుల్లోనూ పద్ధతి అదే. ఎవరూ తప్పని అనుకోలేదు.

తర్వాత రెండు నెలల్లో రీలింగ్ పిల్లలు ఒక్కొక్కరే మానేయసాగారు. కొందరు వేరుశెనగ మిల్లులకు, కొందరు బంధువుల వెంట దావణగెరె నూలు మిల్లులకు. వాళ్ల స్థానంలో వచ్చిన కొత్తవాళ్లు చుట్టిన చిలపలను ఎమ్మిగనూరు నూలు వర్తకుడు బండితో సహా తిప్పి పంపాడు. విరూపాక్షప్పగారు నన్ను పిలిపించారు.

"ఏమమ్మా, మంచి పనివాళ్లంతా పోతాండారు. కార్మికుల బాగు చూసేది మీ పని గదా. మీకేమన్నా తెలుసునా?"

మాట మెత్తగానే ఉంది. కానీ నా ఉద్యోగం అవసరమా అని ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నట్టు నాకు అనిపించింది. నేరుగా హుసేనమ్మ దగ్గరికి వెళ్లాను. రీలింగ్‌లో చేతివేగం ఎక్కువ, నోటివేగం అంతకన్నా ఎక్కువ ఉన్న పిల్ల. ఆమె కూడా దావణగెరె మాట ఎత్తుతోందని విన్నాను.

"ఎందుకు పోతున్నావే? ఇక్కడ జీతం తక్కువా?" అన్నాను.

"జీతం ఆడా ఈడా ఒకటే ఆఫీసరమ్మా. తిప్పమ్మవ్వ అంత పెద్దామెకు టెంకాయ ఇచ్చి పంపినారు. మా వంతు వచ్చేతలికి టెంకాయ కూడా పగిలిపోయి ఉంటాది. మాకు చిప్ప ఇస్తారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. పని నేర్చిన మనిషి తన రేపటి రోజును పక్క మనిషి ఇవాళ్టి రోజులో చూసుకుంటుందని నాకు అప్పుడు తెలిసింది. దావణగెరెలో ఎక్కువ ఇస్తారని ఎవరూ వెళ్లడం లేదు. ఇక్కడ చివరికి ఏముందో చూసి వెళ్తున్నారు.

ఇదే మాట యజమానితో చెప్పి, పెన్షన్ ఇమ్మని సలహా ఇచ్చాను. ప్రావిడెంట్ ఫండ్ అనే కొత్త చట్టం వచ్చింది. కార్మికుడి జీతంలో కొంత, యజమాని వైపు నుంచి కొంత కూడబెట్టి పని మానేటప్పుడు ఇస్తారు. కానీ అది నిన్నగాక మొన్న మొదలైంది. జీవితమంతా పనిచేసి ఇప్పుడు మానేసే తిప్పమ్మలాంటి వాళ్ల పేర అందులో పెద్దగా చేరనే లేదు. పెన్షన్ సంగతి వేరు. బతికినన్నాళ్లు నెలనెలా ఇచ్చేది. సర్కారు నౌకర్లకు ఉంది. మిల్లు కార్మికులకు ఇవ్వాలని ఏ చట్టమూ లేదు. "అయినా మీరిస్తే రీలు ముందర నిలబడిన ప్రతి పిల్లా అది చూస్తుంది," అన్నాను.

ఆయన వాదించలేదు. గుమాస్తాను పిలిచి, "మన తిప్పక్కకు నెలనెలా ఇచ్చేది ధర్మం కిందికి రాయండి," అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి పాపను ఎత్తుకుని అత్తగారికి ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పాను.

తిప్పమ్మ మాత్రం సంతోషించలేదు.

ఆమె గదికి నేనే వెళ్లాను. మూలన ఒక రేకు పెట్టె తాడుతో కట్టి ఉంది. "సోమవారం మా అన్నకొడుకు వస్తాడు. కోసిగికి పిలుచుకపోతాడు. ఈడ బాడుగ కట్టేది నాతో కాదు," అంది. కూచోమని పీట వేసి, "బిడ్డ ఎట్లుండాది? పండ్లు వస్తాండాయా?" అని అడిగింది.

"వస్తున్నాయి. రాత్రిళ్లు ఏడుస్తోంది," అన్నాను.

"ఏడవనీ. పండ్లు వచ్చినంక మనల్నే కొరుకుతాది."

అప్పుడు నేను తెచ్చిన కబురు చెప్పాను. ఆమె విని, ఒకటే అడిగింది. "ఏ కిటికీ కాడ?"

మా మిల్లు ఆఫీసు గోడకు రెండు కిటికీలు. ముందరిది బట్వాడా కిటికీ. పక్కది ధర్మం కిటికీ. ఆదోని పత్తి వర్తకులు కొన్న ప్రతి బేలు మీద ధర్మానికని కొంత తీసిపెడతారు. ఆ సొమ్ము శుక్రవారం పక్క కిటికీలో నుంచి పంచుతారు. అడుక్కునేవాళ్లు, సత్రం వంటవాడు, గోశాల గుమాస్తా ఆ వరసలో నిలబడతారు. తిప్పమ్మకూ అక్కడే ఇస్తారని చెప్పాను.

"అయితే వద్దులే తల్లీ."

"అదేంటి? బతికినన్నాళ్లు ఇస్తామంటున్నారు."

"శుక్రవారం ఆ కిటికీ కాడికి గోశాల గుమాస్తా ఎందుకొస్తాడో తెలుసునా? ముసలెద్దుల గడ్డికి దుడ్లు అడగను వస్తాడు. నన్ను ఎద్దులకు ముందర నిలబెడతారా, ఎనక నిలబెడతారా? అది ముందు కనుక్కోని రా."

నేను పీట మీద నుంచి లేవబోయాను.

"ఎద్దుకు నోరు ల్యాదు. ఏసింది తింటాది," అంది తిప్పమ్మ. "నాకు ఉండాది గదా. కోసిగిలో అన్నకొడుకు ఇంట్లో కూచోని తింటే, మావాళ్లు పెట్టినారు అని తింటా. ఈడ నేను పనిచేసిన గోడకే ఆనుకోని దర్మం పట్టుకుంటే, ఇన్నేండ్లు పట్టుకున్న జీతం కూడా దర్మమే అయిపోతాది."

మరునాడు యజమానికి చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా ఆయన ముఖం ఎర్రబడింది.

"ధర్మం వద్దందా? నేను ఆమెను తక్కువ చేసి ఆ కిటికీలో పెట్టినాననుకుంటాండారా మీరిద్దరూ? వినండమ్మా. వ్యాపారంలో దెబ్బ తగిలితే మేము జీతాలు తగ్గిస్తాం, మనుషుల్ని తగ్గిస్తాం. దివాలా తీసినా ధర్మం సొమ్ము ముట్టుకోం. ఆమెను జీతాల్లో పెడితే, రేపు నేను పోయినంక నా కొడుకు ఒక గీత గీసి కొట్టేస్తాడు. ధర్మంలో పెడితే కొట్టేసే ధైర్యం మా వంశంలో ఎవరికీ రాదు. నేను ఇచ్చింది మా ఇంట్లో అన్నిటికన్నా గట్టి చోటు. వద్దంటే ఆమె ఇష్టం. ఈ మాట ఇంతటితో వదిలేయండి."

వదిలేయమన్నారు గానీ నేను వదల్లేకపోయాను. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. తప్పు ఎవరిదని చూస్తే ఎవరిదీ కాదు. ఆయన ఇచ్చింది చెరగని మాట. ఆమె అడిగింది మర్యాద ఉన్న మాట. ధర్మం కిటికీలో చెరగనిది ఉంది, మర్యాద లేదు. బట్వాడా కిటికీలో మర్యాద ఉంది, చెరగదన్న నమ్మకం లేదు. సోమవారం వస్తే తిప్పమ్మ రైలెక్కుతుంది. ఆమె వెనకాల హుసేనమ్మ దావణగెరె రైలెక్కుతుంది.

మిల్లు గేటు నుంచి నా గదికి పోవాలంటే పత్తి దిగే ఆవరణ దాటాలి. ఆ శనివారం ఉదయం కౌతాళం, హొళగుంద ఊళ్ల బండ్ల మధ్య నుంచి నడుస్తున్నాను. ఒక రైతూ విరూపాక్షప్పగారూ ఎదురెదురుగా కూచుని ఉన్నారు. ఇద్దరి చేతులూ ఒక తువ్వాల కింద. పత్తి బేరం ఆదోనిలో నోటితో చేయరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర అడుగుతారు, వేళ్లు మడిచి తగ్గిస్తారు. పక్కనున్న వాడికి ఎంతకు కుదిరిందో తెలియదు. కుదిరాక తువ్వాల తీసేస్తారు. తీసేశాక బేరం తిరగదు. సాయంత్రానికి బజారులో ధర పడిపోయినా విరూపాక్షప్పగారు పొద్దున పట్టుకున్న వేళ్లకే లెక్క కట్టడం నేను చూశాను.

అక్కడే నిలబడిపోయాను. చెరగని మాట ఆయన దగ్గర ఇంకొకటి ఉంది.

ఆ మధ్యాహ్నం పాపకు అన్నం తినిపించిన చేయి సరిగ్గా కడుక్కోకుండానే తిప్పమ్మ గదికి పరుగెత్తాను. తువ్వాల బేరం సంగతి చెప్పగానే ఆమె రేకు పెట్టె వైపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"బేరమా? నేనా?"

"బిచ్చానికి బేరం ఉండదు గదా తిప్పమ్మా. బేరం జరిగిందంటే అది ధర్మం కాదు. నువ్వు వేళ్లు పట్టుకోనక్కర్లేదు. ఎవరైనా దలాలిని మధ్యలో పెడదాం."

"దలాలి ఎందుకు? కమిషన్ తింటాడు," అంది.

సోమవారం ఉదయం ఆమె మిల్లు ఆవరణలోకి వచ్చింది. వెనక మీసాలు మెలేసిన అన్నకొడుకు, నెత్తిన రేకు పెట్టె. మధ్యాహ్నం రైలుకు టికెట్టు కొనాలని తొందర పడుతున్నాడు. నేను వరండాలో నిలబడి ఉన్నాను. యజమాని ఒక హొళగుంద రైతుతో బేరం ముగించి తువ్వాల దులుపుతున్నారు.

"విరుపాచ్చప్పా, నా సరుకు కూడా ఉండాది. కొంటావా?" అంది తిప్పమ్మ.

"నీకు సరుకు యాడిది తిప్పక్కా?"

"మీ నాయన నాటి నుంచి చుట్టిన చిలపలు. అన్నిటికీ జీతం ఇచ్చినారు, కాదనను. ఆఖరు బేరం ఒకటి మిగిలిపోయినాది."

బండ్ల మీది రైతులు తలలు ఇటు తిప్పారు. ఆయన కనుబొమలు ముడిచారు. "ధర్మం ఇస్తానంటే వద్దన్నావంట గదా."

"దర్మానికి బేరం ఉండదప్పా. నువ్వు ఏసింది నేను పట్టుకోవాల. ఏసేది నాకు వద్దు. కుదుర్చుకునేది కావాల."

ఆయన నా వైపు చూశారు. ఇందులో నా చెయ్యి ఉందని తెలిసిపోయింది. నేనే అందుకున్నాను. "మీరు జీతాల్లో పెడితే కొట్టేస్తారన్నారు గదండీ. తువ్వాల కింద పట్టుకున్న వేళ్లను మీ ఇంట్లో ఎవరైనా కొట్టేశారా?"

ఆయన తువ్వాల చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు. ఒక ముసలి రైతు కన్నడంలో ఏదో అన్నాడు. చుట్టూ నవ్వులు. "ఆడమనిషి చెయ్యి ఎట్లా పట్టుకునేది," అన్నారాయన చివరికి.

"మీ యమ్మ నిన్ను మిల్లుకు పిలుచుకొస్తే నీ ముక్కు తుడిసిన చెయ్యి ఇది. ఇప్పుడు సిగ్గుపడతాండావా?"

ఆయనకు నవ్వు ఆగలేదు. కూచుని, తువ్వాల పరిచి, చెయ్యి కిందికి పెట్టారు. తిప్పమ్మ ఎదురుగా కూచుంది. గుడ్డ కింద ఏం జరిగిందో మాకెవరికీ కనపడలేదు. పైన కనపడింది రెండు ముఖాలే. ఆయన వేళ్లు కదిపారు. తిప్పమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ కదిపారు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఆయన పట్టుకుని ఆపి, "అబ్బా, మా దలాలీలను నీ కాడికి పంపించాల," అన్నారు. రైతులు బండ్ల మీద నుంచి వంగి చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు. పత్తి బేరానికి ఇచ్చే గౌరవమే దీనికీ ఇస్తున్నారు. కాసేపటికి తిప్పమ్మ కళ్లు మూసుకుని తల నిలువుగా ఊపింది. ఆయన తువ్వాల లాగేశారు.

"కుదిరింది," అన్నారు గట్టిగా, అందరూ వినేలా.

"బట్వాడా కిటికీ కాడ ఇయ్యాల," అంది తిప్పమ్మ.

"అది తువ్వాల కింద సెప్పల్యాదే నువ్వు."

"తువ్వాల పైన సెప్తాండా."

ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టారు. "ఇంకేమన్నా ఉండాదా?"

"కొత్తపిల్లోళ్లకు ముడి ఏసేది నేర్పమంటే నేర్పుతా. దానికి కండ్లు అక్కర్లేదు, వేళ్లు సాలు. అది ఇంగో బేరం. రేపు రా."

అన్నకొడుకు నెత్తిన పెట్టెతో అయోమయంగా నిలబడి ఉన్నాడు. "నువ్వు పోరా, రైలుకు టైమైతాంది," అంది తిప్పమ్మ. "పెట్టె మాత్రం నా గదిలో పెట్టి పో."

ఆ మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని వీధిలో పైకీ కిందికీ తిరుగుతూ ఉన్నాను. నవ్వు ముఖం మీద నుంచి పోవడం లేదు. ఏమైందని అత్తగారు అడిగితే, "తిప్పమ్మ గెలిచింది," అన్నాను. కాసేపాగి, "సావుకారూ గెలిచారు," అన్నాను.

తర్వాతి బట్వాడా రోజున ఆమె వచ్చి వరసలో నిలబడింది. గుమాస్తా అలవాటు కొద్దీ చెయ్యి చాచి, "బిళ్ళ?" అన్నాడు. వెనక్కి ఇచ్చేసిన బిళ్ళ ఆమె దగ్గర ఎక్కడుంది? అంతలో లోపలి నుంచి విరూపాక్షప్పగారే ఆ పాత ఇత్తడి బిళ్ళను కిటికీ గట్టు మీద పెట్టారు. "ఇది ఆమె కాడనే ఉండనీ. ఈ నంబరు ఇంగెవరికీ ఇయ్యద్దండి," అన్నారు. రీలింగ్ పిల్లలు మొత్తం చూస్తున్నారు. తిప్పమ్మ ఆ బిళ్ళను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో అంకెలు తడిమి, కొంగున ముడి వేసుకుంది. ఆ ముడి నేనెరిగిన రీలింగ్ ముడే. ఊడిరాదు.

ఆ ఏడు రీలింగ్ నుంచి దావణగెరెకు వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. ఎమ్మిగనూరు వర్తకుడు బండ్లు తిప్పి పంపడం మానేశాడు. చిలపలు మళ్లీ పాతవాటిలాగే ఉన్నాయి గదా, మధ్యలో ఏమైందని అడిగాడు. తిప్పమ్మ వారంలో కొన్ని రోజులు వచ్చి, కొత్తపిల్లల వెనక నిలబడి, వాళ్ల వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ముడి నేర్పేది. అది రెండో బేరం. దానికీ తువ్వాల పరిచారు.

ఇప్పుడు ఊళ్లోని ఇంకో ఇద్దరు ముగ్గురు యజమానులు నన్ను పిలిచి అడుగుతున్నారు. పెన్షన్ ఎంత ఇయ్యాలి, ఎవరికియ్యాలి, చట్టం ఏమంటుంది అని. నాకు తెలిసినంత చెబుతాను. ఎంత అన్నది మాత్రం చెప్పను. తిప్పమ్మకు ఎంతకు కుదిరిందో ఈనాటికీ నాకు తెలియదు, నేను అడగనూ లేదు. నేను వాళ్లకు చెప్పేది వేరే. పెన్షన్ ఏ కిటికీలో నుంచి ఇస్తారో, ఆ మనిషిని ఎవరి వరసలో నిలబెడతారో ముందు చూసుకోండి అంటాను. జాలితో ఇస్తే తీసుకునేవాడు తల దించుకుంటాడు, చూసేవాడు మిల్లు మారుస్తాడు. చేసిన పనికి ఆఖరి జీతంగా ఇస్తే, పని చేస్తున్న వాడు ఇంకా గట్టిగా చేస్తాడు. అన్నిటికన్నా ముందు, ఇచ్చే ముందు ఆ మనిషిని అడగండి అంటాను. నేను అడగకుండానే కబురు మోసుకెళ్లి, ఎద్దులకు ముందా వెనకా అనిపించుకుని వచ్చాను గదా.

మొన్న ఎవరో హుసేనమ్మను ఎగతాళి చేశారట. "నువ్వు మానేసే రోజుకు సావుకారు టెంకాయ సిద్ధం చేసుకోవాల," అని.

"టెంకాయ ఇంట్లోనే పెట్టుకోమను," అందట హుసేనమ్మ. "తువ్వాల ఉతికించుకోమని సెప్పు. నా బేరం తిప్పమ్మవ్వ బేరం కన్నా పెద్దది."